తొగుట బాటకి తగిన సంచి

ల్యాప్‌టాప్ బ్యాగు కొనాలంటే ముందు రంగు చూస్తాం, ఆ తర్వాత ధర చూస్తాం. నచ్చితే వీపున వేసుకుని ఇంటికొచ్చేస్తాం. కానీ హైదరాబాద్ నుంచి సిద్దిపేట జిల్లాలోని తొగుట దాకా ఒక్కసారి ప్రయాణం చేస్తే చాలు, చూడాల్సినవి ఇంకెన్ని ఉన్నాయో ఆ దారే చెబుతుంది. పదండి... సంచి వెంట మనమూ వెళ్లొద్దాం!

సోమవారం పొద్దున్నే సిద్దిపేట వైపు నుంచి సికింద్రాబాద్ జూబ్లీ బస్‌స్టేషన్‌కి చేరే బస్సులను గమనించండి. దిగే కుర్రకారులో చాలామంది వీపున ఒకే రకం సంచి కనిపిస్తుంది. నల్లదో, బూడిదరంగుదో. రెండు పట్టీలు, మూడు నాలుగు జిప్పులు, పక్కజేబులో నీళ్లసీసా. శుక్రవారం సాయంత్రం అదే సంచి మళ్లీ ఊరి దారి పడుతుంది. కాకపోతే వెళ్లేటప్పుడు అందులో మాసిన బట్టలుంటాయి. తిరిగొచ్చేటప్పుడు ఉతికిన బట్టలతోపాటు ఓ తొక్కు సీసా ఉంటుంది.

2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్ మొదలయ్యాక ఆఫీసు ఇంటికొచ్చింది. హైదరాబాద్‌లో గది ఖాళీ చేసి ల్యాప్‌టాప్‌తో సహా సొంతూరికి చేరినవాళ్లు ప్రతి మండలంలోనూ ఉన్నారు. తర్వాత కంపెనీలు మళ్లీ పిలిచాయి. కొన్ని అయిదు రోజులూ రమ్మన్నాయి, కొన్ని వారానికి రెండు మూడు రోజులు చాలన్నాయి. అలా ఊరికీ పట్నానికీ మధ్య తిరిగే కొత్తరకం ఉద్యోగం ఒకటి పుట్టింది. 2023లో సిద్దిపేటలో ఐటీ టవర్ ప్రారంభమయ్యాక జిల్లా కేంద్రానికి ల్యాప్‌టాప్‌తో వెళ్లొచ్చే దారి కూడా ఏర్పడింది. డిగ్రీ చదివే పిల్లలు, మీసేవ నడిపేవాళ్లు, సర్వే ఉద్యోగులు, టీచర్లు... అందరి వీపునా ఇప్పుడదే సంచి. అందులో ఉన్నది నలభై, యాభై వేల యంత్రం. చాలామందికి ఇంకా వాయిదాలు కూడా తీరి ఉండవు. దాన్ని మోసేదాన్ని మాత్రం అయిదు నిమిషాల్లో కొనేస్తాం!

బస్సులో నిలబడితే...

జూబ్లీ బస్‌స్టేషన్ నుంచి రాజీవ్ రహదారి పడితే అల్వాల్, తూంకుంట, శామీర్‌పేట దాటాక పట్నం వెనకబడుతుంది. ఒంటిమామిడి దగ్గర కూరగాయల మార్కెట్ సందడి. ఆపైన గౌరారం, ప్రజ్ఞాపూర్. అక్కణ్నుంచి గజ్వేల్ వైపు మళ్లేవాళ్లు మళ్లుతారు. నేరుగా వెళితే కుకునూరుపల్లి, కొండపాక, దుద్దెడ, చివరికి సిద్దిపేట. తొగుట ఈ రహదారి మీద ఉండదు. పడమటి వైపు లోపలికి వెళ్లాలి. అంటే నేరుగా వెళ్లే బండి దొరక్కపోతే ఒకటి దిగి ఇంకోటి ఎక్కాలి. 2023 అక్టోబరు 3న సిద్దిపేట నుంచి సికింద్రాబాద్‌కి రైలు కూడా మొదలైంది. రైలెక్కినా స్టేషన్ నుంచి ఊరికి మళ్లీ రోడ్డే గతి.

సంచికి మొదటి పరీక్ష బస్సులోనే. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక రద్దీ పెరిగింది. కాలేజీకి పోయే అమ్మాయిలు, కూలికి పోయే తల్లులు, ఆస్పత్రికి పోయే అవ్వలు... సీటు దొరికితే అదృష్టం. అలాంటి బస్సులో వీపున లావుపాటి సంచితో నిలబడితే మనం ఒకరు కాదు, ఇద్దరి చోటు ఆక్రమించినట్టు. ఇటు తిరిగితే కూర్చున్న పెద్దాయన భుజానికి తగులుతుంది, అటు తిరిగితే పసిపిల్ల తలకి. “బ్యాగు ముందటికి ఏస్కో తమ్మీ!” అన్న మాట ఎక్కడో ఒకచోట వినాల్సిందే.

కాబట్టి మొదటి సూత్రం... ఎత్తు ఉన్నా ఫరవాలేదుగానీ సంచి మందం తక్కువ ఉండాలి. రోజూ ఆఫీసుకి, అప్పుడప్పుడూ ఒక రాత్రి బసకి 20 నుంచి 25 లీటర్ల సంచి సరిపోతుంది. రెండు మూడు రోజుల బట్టలు కూడా పెట్టాలంటే 30 లీటర్లు. అంతకుమించితే బస్సు పైఅరలో పట్టడం కష్టం. సీటు కింద పెడితే ఎవరి కాలు ఎప్పుడు తగులుతుందో తెలీదు. పైన గట్టి చేతిపిడి ఉందో లేదో కూడా చూడండి. కిక్కిరిసిన బస్సులో సంచిని ముందుకు తిప్పుకోవాలన్నా, ఒళ్లో పెట్టుకోవాలన్నా, పైఅర నుంచి దించాలన్నా పనికొచ్చేది ఆ పిడే. పర్సు, ఫోను పెట్టుకోవడానికి వీపుకి ఆనుకునే వైపున ఓ చిన్న జేబు ఉంటే రద్దీలో దొంగ చెయ్యి అక్కడికి చేరడం కష్టం.

గొల్లభామ చెప్పే లెక్క

సిద్దిపేట పేరు చెప్పగానే గొల్లభామ చీర గుర్తొస్తుంది. తలమీద కుండ పెట్టుకుని నడిచే గొల్లభామ బొమ్మను మగ్గం మీదే నేసే చీర అది. భౌగోళిక గుర్తింపు కూడా దక్కించుకుంది. ఆ బొమ్మను ఓసారి పరిశీలనగా చూడండి. కుండ సరిగ్గా నడినెత్తిన ఉంటుంది. నడుము నిటారుగా ఉంటుంది. చుట్టబట్ట మీద బరువు పెట్టుకుని మైళ్లకొద్దీ నడిచిన మన అవ్వలకు తెలిసిన రహస్యమే ఇది. బరువు ఒంటికి దగ్గరగా, నడిమధ్యన ఉంటే ఒళ్లు దాన్ని ఓర్చుకుంటుంది. దూరంగా వేలాడితే లాగేస్తుంది.

వీపున వేసుకునే సంచికీ అదే లెక్క. అందులో అన్నిటికన్నా బరువైనది ల్యాప్‌టాప్. అది వీపుకి ఆనుకుని ఉన్న అరలోనే ఉండాలి. కొన్ని సంచుల్లో ఆ అర మధ్యలోనో, ముందువైపో ఉంటుంది. చూడ్డానికి బాగానే ఉన్నా బరువు వెనక్కి లాగుతుంది. దాన్ని సరిచేసుకోవడానికి మనకు తెలీకుండానే మెడ ముందుకు వంచుతాం. సాయంత్రానికి మెడా భుజాలూ పట్టేసినట్టుంటే సగం తప్పు అక్కడే. పట్టీలు పొడుగ్గా వదిలేసి సంచిని పిరుదుల మీద వేలాడదీసుకోవడం ఇంకో అలవాటు. అందంగా ఉంటుందేమోగానీ నడుముకు మంచిది కాదు. సంచి అడుగుభాగం నడుము దగ్గరకు వచ్చేలా పట్టీలు బిగించాలి. ఒక్క భుజానికే తగిలించుకోవడం అసలు వద్దు.

ఎంత బరువు మోయొచ్చు? బడిపిల్లల విషయంలో కేంద్రం 2020లో తెచ్చిన స్కూల్‌బ్యాగ్ విధానం ఓ కొలత చెప్పింది. పిల్లల బరువులో పదో వంతుకు మించకూడదని. పెద్దవాళ్లకు అలాంటి నిబంధన లేదు. అయినా అదే కొలతను మనకూ పెట్టుకుంటే తప్పేంలేదు. 60 కిలోల మనిషికి 6 కిలోలు. ఇప్పుడు తొగుట నుంచి పట్నం వెళ్లే సంచిని తూకం వేద్దాం. 15.6 అంగుళాల ల్యాప్‌టాప్ దాదాపు 1.8 కిలోలు. ఛార్జరు, తీగలు 400 గ్రాములు. లీటరు నీళ్లసీసా కిలో. సద్ది డబ్బా 700 గ్రాములు. ఖాళీ సంచి 900 గ్రాములు. మొత్తం 4.8 కిలోలు. రెండు రోజుల బట్టలు ఒకటిన్నర కిలో కలిపితే 6.3. గీత అప్పుడే దాటేశాం. అమ్మ “గీ తొక్కు సీస గూడ పెట్టుకపో బిడ్డా!” అంటే ఇంకో కిలో. 7.3!

అమ్మ మాట కాదనలేం. మరి దేన్ని తగ్గించాలి? నీళ్లసీసా ఖాళీగా తీసుకెళ్లి స్టాండులో నింపుకోవచ్చు. ఆఫీసులో ఇంకో ఛార్జరు ఉంచుకోవచ్చు. అన్నిటికన్నా తేలిక మార్గం ఖాళీ సంచి బరువు చూసి కొనడం. రకరకాల హంగులున్న సంచులు కొన్ని ఖాళీగానే కిలోంపావు దాకా తూగుతాయి. 700, 800 గ్రాముల్లో గట్టివి దొరుకుతాయి. ఆ అరకిలో తేడా ఒక్కరోజుకి తెలీదు. వారం వారం, ఏళ్ల తరబడి మోస్తే భుజాలకు తెలుస్తుంది.

నేతగాడి కళ్లతో...

ఈ చుట్టుపక్కల సిద్దిపేట, దుబ్బాక నేతకు పేరున్న ఊళ్లు. నూలు సంగతి అక్కడివారికి చెప్పక్కర్లేదు. నూలు ‘కౌంట్’ పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుందని నేసేవాళ్లందరికీ తెలుసు. సంచి గుడ్డ దగ్గర లెక్క తిరగబడుతుంది. సంచి చీటీ మీద ‘600 డి’, ‘1680 డి’ అని రాసి ఉంటుంది చూడండి. డి అంటే డెనియర్. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. అంటే అంకె పెరిగేకొద్దీ పోగు లావు. రోజువారీ వాడకానికి 600 డెనియర్ పాలిస్టర్ చాలు. మరీ మొరటుగా వాడేవాళ్లు ఇంకా లావు నైలాన్‌కి వెళ్లొచ్చు. కానీ లావు పెరిగితే బరువూ పెరుగుతుంది. ఆ రెండూ చూసుకోవాలి.

గుడ్డ ఎంత మంచిదైనా కుట్టు పోతే సంచి పోయినట్టే. పట్టీ సంచిని కలిసేచోట ఒంటికుట్టు ఉంటే పక్కన పెట్టేయండి. అక్కడ నలుచదరంగా కుట్టి, మధ్యలో అడ్డంగా నిలువుగా ఇంకో కుట్టు వేసి ఉండాలి. లోపలికి చెయ్యి పెట్టి తడమండి. గుడ్డ అంచులకు పట్టీ వేసి కుట్టారా, పోగులు ఊడుతున్నాయా అనేది వేళ్లకే తెలుస్తుంది.

ఇక జిప్పు. సంచి మొత్తంలో ముందుగా చెడేది ఇదే. చాలాసార్లు పళ్లు బాగానే ఉంటాయి. వాటిని కలిపే రన్నరు లాగీలాగీ వదులవుతుంది. అప్పుడు జిప్పు వేసినా వెనకాల నోరు తెరుస్తుంది. బాగుచేసేవాడి దగ్గర రన్నరు మార్పిస్తే సరిపోయే జబ్బుకు సంచినే పారేసేవాళ్లున్నారు! కొనేటప్పుడు మూలమలుపుల దగ్గర జిప్పును పదిసార్లు అటూఇటూ లాగండి. అక్కడ పట్టేస్తే రేపు బరువు నింపాక అస్సలు కదలదు.

వాన సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఈ ప్రాంతపు కురుమలు గొర్రెల మంద వెంట తిరుగుతూ నల్ల గొంగడిని తలమీదుగా కప్పుకుంటారు. వానకూ చలికీ అదే గొడుగు, అదే దుప్పటి. సంచికీ అలాంటి గొంగడి ఒకటి కావాలి. చీటీ మీద ‘వాటర్ రెసిస్టెంట్’ అని ఉంటే తుంపరకు ఓర్చుకుంటుందనే అర్థం. జడివానలో అరగంట తడిసినా లోపలికి నీరు రాదని కాదు. గుడ్డకు లోపల పూత ఉన్నా జిప్పు సందుల్లోంచీ కుట్టు రంధ్రాల్లోంచీ నీళ్లు దిగుతాయి. అందుకే సంచి అడుగున ముడిచిపెట్టే వానతొడుగు ఉన్నది తీసుకోండి. లేకపోతే విడిగా కొనుక్కోండి. ఇంకా జాగ్రత్త కావాలంటే ల్యాప్‌టాప్‌ని మందపాటి ప్లాస్టిక్ కవర్లో పెట్టి అరలో దించండి. పైసా ఖర్చులేని ఉపాయం!

తొక్కు సీసా ఎక్కడ?

షాపుల్లో సంచి గురించి చెప్పేవాళ్లెవరూ చెప్పని విషయం ఒకటుంది. మన సంచిలో ల్యాప్‌టాప్ ఒక్కటే ఉండదు. ఊరి నుంచి బయల్దేరితే మామిడికాయ తొక్కు, సంక్రాంతి తర్వాతైతే సకినాలు, చలికాలం మొదట్లోనైతే సీతాఫలాలు. నూనె ఊరే సీసా, లక్షణమైన యంత్రం పక్కపక్కన ప్రయాణిస్తాయి. గుంతలో బస్సు ఎగిరితే మూత వదులవుతుంది. నూనె కీబోర్డులోకి దిగితే ఆ నెల జీతం బాగుచేయించడానికే.

అందుకే రెండు పెద్ద అరలు పూర్తిగా వేరువేరుగా ఉన్న సంచి మనకు మేలు. వెనక అరలో ల్యాప్‌టాప్, కాగితాలు. ముందు అరలో బట్టలు, తిండి. మధ్య గోడ కిందిదాకా కుట్టి ఉందో లేదో చూడండి. కొన్నిట్లో సగందాకానే ఉంటుంది. సీసాను నిలువుగా నిలబెట్టి చుట్టూ బట్టలు కుక్కితే కదలదు. నీళ్లసీసా మాత్రం ఎప్పుడూ బయటి జేబులోనే. ఆ జేబు లోతు తక్కువైతే వంగినప్పుడల్లా సీసా జారిపోతుంది. మీ సీసా వెంట తీసుకెళ్లి పెట్టి చూడండి.

చివరి నాలుగు కిలోమీటర్లు

బస్సు దిగాక ఊరిదాకా బండి. తమ్ముడో, దోస్తో ఎదురొస్తారు. వెనక కూర్చుని వీపున సంచి వేసుకుంటే గుంతల కుదుపు మొత్తం ల్యాప్‌టాప్‌కి చేరుతుంది. అసలు పరీక్ష ఇక్కడే. షాపులో సంచిని కిందపెట్టి బయటి నుంచి అడుగు భాగాన్ని నొక్కి చూడండి. ల్యాప్‌టాప్ అర సంచి అడుగుదాకా దిగిపోకుండా రెండు మూడు వేళ్ల ఎత్తులోనే ఆగిపోవాలి. అలా అయితే సంచిని నేలమీద ధబీమని పెట్టినా దెబ్బ యంత్రానికి నేరుగా తగలదు. అడుగునా పక్కలా స్పాంజి మందంగా ఉండాలి. ఛాతీ దగ్గర రెండు పట్టీలనూ కలిపే చిన్న బెల్టు ఉంటే బండిమీద సంచి అటూఇటూ ఊగదు. స్కూటర్‌పై కాళ్ల దగ్గర సంచి పెట్టేవాళ్లు అడుగున ఓ తువ్వాలు పరిస్తే మంచిది. మే నెల ఎండలో ఆపి ఉంచిన కారులో ల్యాప్‌టాప్ సంచి వదలొద్దు. బ్యాటరీకి వేడి పడదు.

తొగుట దారుల గురించి చెప్పేటప్పుడు ఇప్పుడు లేని దారులనూ తలచుకోవాలి. 2016 అక్టోబరు 11న సిద్దిపేట జిల్లా ఏర్పడేదాకా ఈ మండలం మెదక్ జిల్లాలో ఉండేది. అదే ఏడాది మల్లన్నసాగర్ భూసేకరణకు వ్యతిరేకంగా వేములఘాట్‌లో దీక్షలు సాగాయి. తర్వాత ఏటిగడ్డ కిష్టాపూర్, వేములఘాట్, పల్లెపహాడ్, లక్ష్మాపూర్ లాంటి ఊళ్లు ఖాళీ అయ్యాయి. అక్కడివారు గజ్వేల్ దగ్గరి పునరావాస కాలనీకి చేరారు. 50 టీఎంసీల జలాశయం 2022 ఫిబ్రవరి 23న ప్రారంభమైంది. ఊళ్లతోపాటు వాటి మధ్య బాటలూ నీటికిందికి పోయాయి. ఏం వెంట తీసుకుపోవాలి, ఏం వదిలేయాలి అన్న ప్రశ్న ఈ మండలానికి సంచి కొనేటప్పుడు వచ్చింది కాదు. చాలా ఇళ్లు దాన్ని నిజంగానే ఎదుర్కొన్నాయి.

ఇల్లు వదిలే మనిషి ముందుగా చేతిలోకి తీసుకునేవి కాగితాలే. పాసుపుస్తకం, ఆధార్, పిల్లల సర్టిఫికెట్లు. ఇవాళ వాటిలో చాలావరకు ల్యాప్‌టాప్‌లో, ఫోన్‌లో ఉంటున్నాయి. సంచి ఎంత గట్టిదైనా బస్సులో మరిచిపోతే అన్నీ పోయినట్టే. అందుకే ముఖ్యమైన ఫైళ్ల ప్రతి ఇంకోచోట... ఆన్‌లైన్‌లోనో, ఇంట్లో హార్డ్‌డిస్కులోనో ఉండాలి. సంచి లోపలి జేబులో మీ పేరు, ఇంటివాళ్ల ఫోన్ నంబరు రాసిన చీటీ ఒకటి ఉంచండి. దొరికినవాళ్లు తిరిగివ్వాలనుకున్నా ఎవరికివ్వాలో తెలియాలి కదా!

శంషాబాద్ దాకా వెళితే...

సిద్దిపేట జిల్లా నుంచి గల్ఫ్‌కీ, ఇతర దేశాలకూ, బెంగళూరు, పుణె ఆఫీసులకూ వెళ్లేవాళ్లున్నారు. అదే సంచిని విమానంలోకి తీసుకెళ్లాలంటే కొన్ని సంగతులు తెలియాలి. మన దేశీయ విమానాల్లో మామూలు టికెట్‌కి చేతిసంచి సాధారణంగా 7 కిలోలు. పైన వేసిన లెక్క ప్రకారం తొక్కు సీసా దగ్గరే గీత దాటుతున్నాం! పవర్‌బ్యాంకు చేతిసంచిలోనే ఉండాలి. లగేజీలో వేయనివ్వరు. దాని సామర్థ్యం 100 వాట్ అవర్స్ లోపు ఉంటే ఇబ్బంది ఉండదు. 20,000 ఎంఏహెచ్‌ది దాదాపు 74 వాట్ అవర్స్. తనిఖీ దగ్గర ల్యాప్‌టాప్‌ని బయటికి తీసి ట్రేలో పెట్టమంటారు. ఆ అరకు విడిగా జిప్పు ఉంటే బట్టలన్నీ నలుగురిలో తీయాల్సిన అవస్థ తప్పుతుంది. తొక్కు మాత్రం చెక్ఇన్ లగేజీలో వెళ్లడమే క్షేమం.

షాపులో పది నిమిషాలు

వెయ్యి రూపాయల నుంచి నాలుగు వేల దాకా రకరకాల సంచులున్నాయి. ఎక్కువ ధర పెడితేనే మంచిదని లేదు, పేరున్న కంపెనీ అయితే అన్నీ సరిగ్గా ఉంటాయనీ లేదు. ఆన్‌లైన్‌లో కొన్నా ఓసారి షాపుకెళ్లి అలాంటిదే వీపున వేసుకుని చూడటం నయం. వెళ్లేటప్పుడు మీ ల్యాప్‌టాప్, ఛార్జరు, నీళ్లసీసా, సద్ది డబ్బా వెంట తీసుకెళ్లండి. షాపువాడు నవ్వితే నవ్వనివ్వండి. 15.6 అంగుళాలు అంటే తెర మూల నుంచి మూలకు కొలత. యంత్రం అంచులతో కలిపి ఎంత వెడల్పుందో అది చెప్పదు. పెట్టి చూస్తేనే తెలుస్తుంది. అన్నీ నింపి, రెండు పట్టీలూ బిగించి, పది నిమిషాలు అక్కడే నడవండి. మెట్లుంటే ఎక్కి దిగండి. బస్సులోలా ముందుకు తిప్పుకుని నిలబడండి. పట్టీ మెడ దగ్గర ఒరుసుకుంటోందా? వీపు దగ్గర జాలీ గుడ్డ ఉందా, చెమటకు అంటుకుపోతోందా? ఆడవాళ్లకు, పొట్టిగా ఉన్నవాళ్లకు పెద్ద సంచి నడుము దాటి వేలాడుతుంది. వాళ్లు లీటర్లకన్నా సంచి ఎత్తు చూసుకోవాలి.

గ్యారంటీ కార్డు మీద రాసింది చదవండి. జిప్పు, పట్టీలకు వర్తిస్తుందా లేదా అడగండి. కొన్నాక కూడా ఆర్నెల్లకోసారి సంచిని పూర్తిగా ఖాళీ చేసి, దులిపి, తడిగుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టండి. వాషింగ్ మెషీన్‌లో వేస్తే లోపలి పూత పోతుంది. అలా ఖాళీ చేసినప్పుడు ఎప్పటివో బస్సు టికెట్లు, పనికిరాని తీగలు, ఎండిపోయిన పెన్నులు బయటపడతాయి. వాటిని తీసేస్తే పావుకిలో తగ్గుతుంది. ఈసారి ఊరి నుంచి బయల్దేరేటప్పుడు అమ్మ ఇంకో సీసా చేతికిస్తే, దానికి చోటు ఉంటుంది.